డ్రమ్ము గేటు దాటింది, మీ పేరు దాటలేదు

పోయిన నెల ఇదే పేజీలో ఫ్యాక్టరీల వెనక గోడకి ఆనించి పెట్టే ప్రమాదకర వ్యర్థాల డ్రమ్ముల గురించి నాలుగు ముక్కలు రాశా, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. దాదాపు అందరూ పేరు వెయ్యొద్దన్నారు, ఎందుకో నాకు తెలుసు కాబట్టి ఊళ్ళు మాత్రం ఉంచా. ఒకేలాంటివి కలిపేశా, ఏమీ అనుకోకండి.

ప్ర: మాది చిన్న జాబ్‌వర్క్ షెడ్డు సార్, జింక్ ప్లేటింగ్, పక్కనే పౌడర్ కోటింగ్, మొత్తం తొమ్మిది మందిమి. రెండేళ్ళ నుంచి ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి తీసి సంచులకెత్తి షెడ్డు వెనక పెడుతున్నాం, అరవై సంచులు దాటాయి. మొన్న పీసీబీ (కాలుష్య నియంత్రణ బోర్డు) నుంచి ఏఈఈ, అంటే ఇంజనీరు గారు వచ్చి దీని రిజిస్టర్ ఏదీ అన్నారు, మా దగ్గర అలాంటిది లేదు. ఒకతనేమో ట్రాక్టర్ తెస్తా, మూడు వేలివ్వండి, మొత్తం ఖాళీ చేస్తా అంటున్నాడు. ఇంత చిన్నవాళ్ళకి కూడా ఈ రూల్సన్నీ ఉంటాయా? షెడ్డు కూడా మాది కాదు, అద్దెది.
- బాలానగర్

జ: ముందు ఆ ట్రాక్టర్ అతనికి వద్దని చెప్పి పంపించెయ్యండి, మిగతాది తర్వాత. మూడు వేలకి అరవై సంచులు ఎత్తేవాడు వాటిని ఎక్కడ దించుతాడో మీకూ తెలుసు, ఔటర్ దాటాక ఏ క్వారీ గుంతలోనో, ఏ చెరువు గట్టు వెనకో.

నేను ఈ లైన్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో అలాంటి చెరువు వెనక పడేసిన సంచులు చూడ్డానికి వెళ్ళా. వానకి తడిసి ఒక్కో సంచి కింద నుంచి పసుప్పచ్చ నీళ్ళు కారుతున్నాయి, ఎవరివని అడిగితే ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఒక సంచి చిరిగి ఉంటే కర్రతో కెలికాం, మడ్డిలో చాయ్ కప్పులు, చిరిగిన గ్లోవ్స్, మధ్యలో ఒక డెలివరీ చలాన్ ముక్క, దాని మీద పార్టీ పేరు, బోల్టుల సైజు, ఎన్ని కిలోలో కూడా ఉంది. సాయంత్రానికల్లా ఓనర్ దొరికాడు. ఆయన ఒకటే మాట, డబ్బులిచ్చి పంపించేశా కదా సార్, ఇంక నాకేంటి సంబంధం అని. సంబంధం ఉందండి. పంపించెయ్యటం వేరు, చేరాల్సిన చోటికి చేరటం వేరు, చేరిందని కాగితం మీ చేతికి వచ్చేదాకా ఆ మడ్డి మీదే.

ఇక మీ ప్రశ్న, చిన్నవాళ్ళకి ఉంటాయా అని. ఉంటాయి. 2016 ఏప్రిల్ 4న వచ్చిన ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో మొదటి షెడ్యూల్ అని ఒక పెద్ద లిస్టు ఉంది, ఏ పనిలో ఏ వేస్ట్ వస్తుందో నంబర్లేసి ఇచ్చారు. అందులో 12వది మెటల్ మీద చేసే పనులన్నీ, మీ ప్లేటింగ్ మడ్డి 12.8, పౌడర్ కోటింగ్‌కి ముందు చేసే ఫాస్ఫేటింగ్ మడ్డి 12.5. ఇన్ని కిలోల లోపైతే పర్లేదు అని అందులో ఎక్కడా లేదు. షెడ్డు అద్దెదైనా పని నడిపేది మీరు కాబట్టి రూల్స్ దృష్టిలో ఆక్యుపయర్, అంటే బాధ్యులు మీరే, షెడ్డు ఓనర్ కాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ఈ రోజే ఒక నోట్‌బుక్ కొని కాటా తెప్పించి అరవై సంచులూ తూచి రాసి పెట్టండి, ఏది ప్లేటింగ్‌ది, ఏది ఫాస్ఫేట్‌ది విడివిడిగా. ఫారం 3 అంటే ఏదో పెద్దది అనుకుంటారు గానీ అసలు అదే, ఏ తేదీన ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎక్కడికి పోయింది. తర్వాత ఆథరైజేషన్‌కి, అంటే ఈ వేస్ట్ ఉంచుకోడానికి, పంపడానికి బోర్డు ఇచ్చే అనుమతికి ఫారం 1 పెట్టుకోండి, మన దగ్గర సీఎఫ్‌ఓ (యూనిట్ నడుపుకోడానికి బోర్డు ఇచ్చే కన్సెంట్) రెన్యూవల్‌తో కలిపి ఒకే ఆర్డర్‌లో ఇస్తుంటారు, అన్నీ సరిగ్గా ఉంటే 120 రోజుల్లో తేల్చాలి, 5 ఏళ్ళు చెల్లుతుంది. ఏఈఈ గారికి పాత నిల్వ ఇంత ఉంది, ఇలా పంపిస్తున్నాం అని మీరే లెటర్ రాసివ్వండి. దాచిన నిల్వ వాళ్ళు వచ్చి బయటపెట్టటం కంటే మీరు చెప్పుకున్న నిల్వ ఎప్పుడూ నయం, ఇది అనుభవం మీద చెప్తున్నా.

మడ్డి వెళ్ళాల్సింది దుండిగల్‌లో ఉన్న టీఎస్‌డీఎఫ్‌కి, అంటే ప్రమాదకర వ్యర్థాలని శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికి. అక్కడ మెంబర్‌షిప్ తీసుకుంటే వాళ్ళు శాంపిల్ పట్టుకెళ్ళి టెస్ట్ చేసి నేరుగా పూడ్చాలా, సున్నం సిమెంటు లాంటివి కలిపి గట్టిపరిచి పూడ్చాలా అన్నది తేలుస్తారు. ఛార్జీ టన్ను లెక్కన. ఇక్కడే చాలామంది డబ్బులు పారేసుకుంటారు, తడి మడ్డిలో ఎక్కువ భాగం నీళ్ళే, ఆ నీళ్ళని లారీకెక్కించి టన్నుకింత అని డబ్బులు కట్టి పూడ్పిస్తారు. మడ్డిలో నీళ్ళు పిండే చిన్న ఫిల్టర్ ప్రెస్సో, కప్పు ఉన్న డ్రయింగ్ బెడ్డో పెట్టుకోండి, ఆ కారే నీళ్ళు మళ్ళీ ట్రీట్‌మెంట్ ట్యాంకులోకే వెళ్ళాలి, బయటికి కాదు.

మీరు రాయనిది ఒకటుంది, మీ జింక్ బాత్ సైనైడ్‌దా, ఆసిడ్ జింకా? సైనైడ్‌దైతే ఈ ముక్క రెండుసార్లు చదవండి. సైనైడ్ ట్యాంకు మడ్డి, పిక్లింగ్ (తుప్పు తీసే) ఆసిడ్ మడ్డి ఒకే సంచిలో ఒకే డ్రమ్ములో ఒకే కాలవలో కలవకూడదు, కలిస్తే వచ్చేది హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువు, మనిషి వాసన పట్టేలోపే పడిపోతాడు. విడిగా, మధ్యలో గోడ ఉండేలా పెట్టండి. జింక్ మీద పసుపు పాసివేషన్ (పసుపు రంగు పూత) చేస్తుంటే అందులో సాధారణంగా హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది, బాగా విషపూరితమైన రకం, దాన్ని ఆసిడ్ పీహెచ్‌లో మెటాబైసల్ఫైట్ వేసి ముందు ట్రైవలెంట్, అంటే విషం తక్కువున్న రకం చేశాకే సున్నం వెయ్యాలి, నేరుగా సున్నం పోసి అయిపోయిందనుకునే షెడ్లు నాకు చాలా తెలుసు. ఇవి కలిస్తే ఏమవుద్దిలే అనేవాళ్ళకి నేను సూరత్ సంగతి చెప్తా, 2022 జనవరిలో సచిన్ పారిశ్రామిక వాడ దగ్గర ఒక ట్యాంకర్ తెల్లవారుజామున కెమికల్ వేస్ట్ నాలాలోకి వదిలితే పక్క మిల్లులో పని చేస్తున్నవాళ్ళు ఆ గ్యాస్‌కి 6 మంది చనిపోయారు. ఆ ట్యాంకర్‌కీ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు.

నిల్వ 90 రోజులు దాటకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వచ్చే చిన్న యూనిట్లకి బోర్డు 180 రోజుల దాకా ఇవ్వొచ్చు, కానీ అడిగితేనే, మనకి మనమే పొడిగించుకునేది కాదు. పెట్టే చోట కప్పు, సిమెంటు నేల, చుట్టూ చిన్న గట్టు ఉండాలి. డ్రమ్ము మీద లేబుల్ మెరిసే పసుపు రంగుది, దాని మీద ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషు, హిందీ, తెలుగులో ప్రమాదకర వ్యర్థం అని, నీళ్ళకి చెరగనిది, కాబట్టి స్కెచ్ పెన్నుతో రాసిన తెల్ల కాగితం లెక్కలోకి రాదు.

ఇంకో రెండేళ్ళు అలాగే ఉంచితే ఎవరూ అడగరులే అని లోపల అనుకుంటున్నారేమో, భోపాల్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వేస్ట్ 40 ఏళ్ళు అలాగే ఉండిపోయి చివరికి 2025 జనవరిలో 12 కంటైనర్లలో పీథంపూర్‌లోని వేస్ట్ కాల్చే ప్లాంటుకి కదిలింది, ఉంచినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. జరిమానా సంగతి కూడా అడిగారు చాలామంది. పర్యావరణ చట్టంలో పాత జైలు శిక్ష తీసేసి 2024 ఏప్రిల్ 1 నుంచి 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు. జైలు పోయింది కదా అని ఊపిరి పీల్చుకున్న ఒక మిత్రుడు పక్క అంకె చూశాక ఫోన్ పెట్టేశాడు.

ప్ర: కార్ల సర్వీస్ షెడ్డు మాది, నెలకి రెండు మూడు బ్యారెళ్ళ పాత ఇంజనాయిల్ పోగవుతుంది. ఒకతను ఆటో వేసుకొచ్చి క్యాష్ ఇచ్చి పట్టుకెళ్తాడు, అప్పుడప్పుడు సెంట్రింగ్ వాళ్ళు కూడా క్యాన్లు తెచ్చుకుంటారు. మనకే ఎదురు డబ్బులిస్తుంటే అది వేస్ట్ ఎలా అవుద్దండీ?
- విజయవాడ ఆటోనగర్

జ: మంచి ప్రశ్న వేశారు, నిజంగా, ఈ ముక్క నన్ను ఆటోనగర్‌లోనే ఇప్పటికి పది మంది అడిగుంటారు. రూల్‌కి రేటుతో పని లేదండీ. వాడేసిన ఆయిల్ షెడ్యూల్‌లో 5.1, లీటరుకి మీకు వంద ఇచ్చినా అది అక్కడే ఉంటుంది. అమ్మొద్దని ఎవరూ అనట్లేదు, అమ్ముకోండి, కాకపోతే ఆథరైజేషన్ ఉన్న రీ-రిఫైనరీకో వాళ్ళ తరఫున కలెక్ట్ చేసేవాళ్ళకో. ఈసారి ఆ ఆటో అతను వచ్చినప్పుడు పీసీబీ కాగితం కాపీ ఒకటి ఇవ్వు తమ్ముడూ అని అడగండి. తెస్తే మూడు చూడండి, అందులో వాడిన ఆయిల్ అని పేరు పెట్టి ఉందా, ఏడాదికి ఎంత తీసుకోవచ్చన్నారు, గడువు ఉందా. తేకుండా నవ్వేసి వెళ్ళిపోతే మీకు జవాబు దొరికినట్టే.

అది ఎటు పోతుందో కూడా తెలుసుకోవాలి మీరు. కొంత సెంట్రింగ్ రేకులకి రాస్తారు, ఆ ఇంట్లో రేపు పిల్లల నెత్తి మీద ఉండే స్లాబు అది. కొంత బట్టీల్లో మంటకి పోతుంది, ఆయిల్లో చేరిన లోహాలు పొగలో కలుస్తాయి. కొంతేమో బట్టలో వడకట్టి రంగు వేసి డబ్బాకెక్కించి కొత్త ఆయిల్ అని తక్కువ రేటుకి మళ్ళీ మార్కెట్లోకే వస్తుంది, ఇంజన్ పట్టేసిందని ఆ కారు మళ్ళీ మీ షెడ్డుకే తోసుకొస్తారు. తలుపులకి చెదలు పట్టకుండా రాసుకుంటామని అడిగే పక్కింటి పెద్దాయనకి కూడా ఇవ్వకండి, ఆయన తిట్టుకున్నా సరే.

2024 ఏప్రిల్ నుంచి ఇంకో మార్పు వచ్చింది, కొత్త ఆయిల్ తయారుచేసే కంపెనీలు పాత ఆయిల్లో ఇంత భాగం రీసైకిల్ అయిందని సర్టిఫికెట్లు చూపించాలి, ఆ సర్టిఫికెట్లు వచ్చేది రిజిస్టరైన రీసైక్లర్ల నుంచి. అంటే వాళ్ళకిప్పుడు మీ బ్యారెల్ కావాలి. మీ వీధిలో పది షెడ్లు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే బండి పంపరా? ఒకటే షరతు, బ్యారెల్లో కూలెంట్, బ్రేక్ ఆయిల్, థిన్నర్ పొయ్యకూడదు, కుర్రాళ్ళు అన్నీ ఒకే గరాటులో పోసేస్తారు, గరాటు దగ్గర నిలబడి చెప్పాల్సింది మీరే. ఆయిల్ ఫిల్టర్లు బోర్లించి పూర్తిగా కారనివ్వండి. నేల మీద పడ్డ ఆయిల్‌కి చల్లే రంపపు పొట్టు, తుడిచే బనియన్ గుడ్డలు కూడా షెడ్యూల్‌లో ఉన్నవే, పొట్టు 5.2, గుడ్డలు 33.2, వాటిని మున్సిపాలిటీ బండిలో వెయ్యకండి.

బోర్డు కన్సెంటే (నడుపుకోడానికి అనుమతి) అవసరం లేని యూనిట్లకి 2019 మార్చిలో ఆథరైజేషన్ నుంచి మినహాయింపు ఇచ్చారు, నిజమే, కానీ వేస్ట్‌ని ఆథరైజ్డ్ వాళ్ళకే ఇవ్వాలన్న షరతు మీద. సర్వీస్ షెడ్డుకి వాషింగ్ ర్యాంపు కూడా ఉంటే ముందు మీరు ఏ కేటగిరీలో ఉన్నారో, కన్సెంట్ కావాలో అక్కర్లేదో పీసీబీ రీజనల్ ఆఫీసులో అడిగి కాగితం మీద తీసుకోండి, నోటి మాట వద్దు.

ప్ర: యాన్యువల్ రిటర్న్ జూన్ 30కి వెయ్యాలంట, ఆగస్టు వచ్చేసింది, ఇప్పుడేస్తే ఇరుక్కుంటామా?
- కాటేదాన్

జ: వెయ్యకపోతే ఇరుక్కుంటారు. ఫారం 4, మార్చితో ముగిసిన ఏడాదికి, ఈ రోజే వెయ్యండి. అంకెలు మీ రిజిస్టర్‌తో, వేస్ట్ లారీతో వెళ్ళే మానిఫెస్ట్ కాగితాలతో కలవాలి, అంతకుమించి అందులో విద్య ఏమీ లేదు.

ప్ర: అన్నయ్యగారూ, చిన్న రెసిన్ యూనిట్ మాది, మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నా. ఖాళీ అయిన నీలం డ్రమ్ములు మా వర్కర్లు ఇంట్లో నీళ్ళకి అడుగుతున్నారు, ఇవ్వకపోతే నొచ్చుకుంటారు. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగి ఇవ్వొచ్చా? కొంతమంది డ్రమ్ముకి మంచి రేటు కూడా ఇస్తామంటున్నారు.
- పటాన్‌చెరు దగ్గర

జ: వద్దమ్మా. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కడిగినా వద్దు. ఆ ప్లాస్టిక్ సాల్వెంట్‌ని లోపలికి పీల్చుకుంటుంది, కడిగిన రోజు వాసన పోతుంది, ఎండలో నాలుగు రోజులు నీళ్ళు నిలవుంటే మళ్ళీ వదుల్తుంది. మూత తీసి మొహం పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది, అసలు అలా మొహం పెట్టకండి, చెప్తున్నా అంతే. కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ములు, లైనర్లు షెడ్యూల్‌లో 33.1. కడిగిన నీళ్ళు కూడా మామూలు నీళ్ళు కావు, అవి ఎక్కడ పోస్తారు?

దారులు రెండున్నాయి. రా మెటీరియల్ ఇచ్చిన సప్లయరే తన డ్రమ్ములు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి, ఆర్డర్ వేసేటప్పుడే అడగాలి, తర్వాత అడిగితే వినడు. లేదంటే డ్రమ్ములు శుభ్రం చేసే ఆథరైజ్డ్ యూనిట్లున్నాయి, మానిఫెస్ట్‌తో వాళ్ళకి పంపండి. పగిలినవి, సొట్టలు పోయినవి ఎవరూ నీళ్ళకి వాడకుండా అడుగున బెజ్జాలు కొట్టించండి, లోపల సాల్వెంట్ ఉన్న డ్రమ్ముకి గ్యాస్ కట్టర్ మాత్రం పెట్టనివ్వకండి, డ్రమ్ము పేలి మనుషులు పోయింది ఎక్కువగా అక్కడే.

వర్కర్ల సంగతికొస్తే, వాళ్ళకి కావాల్సింది డ్రమ్ము, మీ డ్రమ్మే కాదు. దసరాకి స్వీట్ బాక్స్ బదులు కొత్త నీళ్ళ డ్రమ్ము తలా ఒకటి కొనివ్వండి, ఎవరూ నొచ్చుకోరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళు కలిసిన నక్కవాగు పక్క ఊళ్ళ పెద్దవాళ్ళు మీ యూనిట్లో ఉంటే ఇదంతా ఎందుకో మీరు వివరించక్కర్లేదు కూడా, ఆ వాగు నీళ్ళ గురించి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఊళ్ళు అవి.

ప్ర: నేను ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీ స్టోర్స్‌లో పని చేస్తా. వేస్ట్ లారీ వెళ్ళేటప్పుడు మానిఫెస్ట్ మీద నాతో సంతకం పెట్టిస్తారు, ప్రతిసారీ 9 టన్నులే, ఎప్పుడూ కాటా పెట్టటం నేను చూళ్ళేదు. లారీ రాత్రి పదింటికి వెళ్తుంది. అడిగితే నీకెందుకు అంటారు. నాకేమైనా అవుద్దా సార్?
- పైడిభీమవరం

జ: నువ్వు ఈ ప్రశ్న అడిగావంటేనే సగం బయటపడ్డావు బాబూ. మానిఫెస్ట్ అంటే ఏంటో ముందు చెప్తా, దాని మీద రోజూ సంతకం పెట్టేవాళ్ళకే చాలామందికి తెలీదు. ఫారం 10 ఏడు కాపీలు, ఏడు రంగులు. తెల్లది పంపినవాళ్ళు బోర్డుకి పంపాలి. పసుప్పచ్చది లారీవాడి సంతకం తీసుకుని మీ దగ్గరే ఉంచుకోవాలి. మిగతా అయిదూ లారీతో వెళ్తాయి, గులాబీది దించుకున్నవాడిది, నారింజది లారీవాడిది, ఆకుపచ్చది వాళ్ళు బోర్డుకి పంపేది, నీలంది తిరిగి మీకు రావాలి, బూడిద రంగుది వేరే రాష్ట్రానికి వెళ్తేనే. ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్లో అయిపోతున్నా లెక్క మాత్రం అదే. నీ ఫైల్లో పసుప్పచ్చవి ఎన్నున్నాయో నీలంవి అన్నుండాలి, తేదీలు దగ్గర దగ్గరగా ఉండాలి, బరువులు కలవాలి. పరవాడ టీఎస్‌డీఎఫ్‌లోనూ, వేస్ట్‌ని మంటకి వాడే సిమెంట్ కిల్న్‌కి (సిమెంటు బట్టీకి) వెళ్తే అక్కడా లోపలికి రాగానే కాటా పెడతారు. మీ కాగితం మీద 9, వాళ్ళ కాటా మీద 6 వస్తే ఆ మూడు టన్నులు ఏమయ్యాయని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, అప్పుడు కాగితం మీద ఉండేది నీ సంతకం.

కంపెనీ తప్పు చేస్తే చట్టం ముందు చూసేది నడిపేవాళ్ళనే, దాంతోపాటు తెలిసి ఊరుకున్న ఆఫీసర్లని కూడా. నువ్వు చిన్న ఉద్యోగివి, మొదటి వరసలో ఉండవు, కానీ ఫారంలో ఈ వివరాలు సరైనవని రాసి ఉన్న చోటే నువ్వు సంతకం పెడుతున్నావు. కాబట్టి పోట్లాడకుండా చెయ్యగలిగింది చెప్తా. సంతకం పక్కన చేత్తో బయల్దేరిన టైము, లారీ నంబరు, కాటా స్లిప్ జత చేయలేదు అని రాయి. కాటా పెట్టించమని మీ ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే) మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టు, మర్యాదగా, రెండే లైన్లు, లోపల గొడవేం వద్దు, ఆడిట్‌లో స్లిప్‌లు అడుగుతున్నారు సార్ అని పెట్టు చాలు. నీలం కాపీ రాని మానిఫెస్ట్ నంబర్లు ఒక చిన్న పుస్తకంలో రాసుకో. లారీవాడి దగ్గర ట్రెమ్ కార్డు (రవాణాలో ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసిన కార్డు) ఉందో లేదో కూడా చూడు, దారిలో బోల్తా పడితే ఫైరింజన్ వాళ్ళకి లోపలున్నది ఏంటో చెప్పేది అదే. ఇంత చేశాక కూడా ఖాళీ మానిఫెస్ట్ మీద సంతకం పెట్టమంటే మాత్రం పెట్టకు. ఉద్యోగం పోతుందేమో అని భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఆ వయసులో ఒకసారి పెట్టా, ఆర్నెల్లు నిద్ర పట్టలేదు.

ప్ర: ఆఫీసులో కాలిపోయిన ట్యూబ్‌లైట్లు, పాత యూపీఎస్ బ్యాటరీలు కూడా దీనికిందకే వస్తాయా?
- గుంటూరు

జ: ఇవి రెండూ వేరే రూల్స్ అండీ. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, ఈ-వేస్ట్ రూల్స్ కిందకి వస్తాయి, పగలగొట్టకుండా అట్టపెట్టెలో నిలబెట్టి ఉంచండి. బ్యాటరీలకి 2022లో విడిగా రూల్స్ వచ్చాయి, కొత్తది కొనేచోట పాతది ఇచ్చి బిల్లు మీద రాయించుకోండి. ఆసిడ్ పారబోసి సీసం మాత్రం తూకానికి అమ్మేవాడికి అస్సలు ఇవ్వొద్దు.

ప్ర: మా బావ టెక్సాస్‌లో కార్లకి సొట్టలు తీసి రంగులేసే బాడీ షాప్ నడుపుతాడు, అక్కడ నెలకి వంద కిలోల లోపు అయితే ఇవేమీ అక్కర్లేదంట, ఇండియాలోనే చిన్నవాళ్ళని పీడిస్తారు అంటున్నాడు. నిజమేనా?
- ఖమ్మం

జ: సగం నిజం. అమెరికాలో నెలకి 100 కిలోల లోపు వచ్చేవాళ్ళని చాలా చిన్న జనరేటర్, అంటే చాలా తక్కువ వేస్ట్ పుట్టించేవాళ్ళు అని విడిగా పెట్టారు, కాగితాల పని బాగా తక్కువ. 100 నుంచి 1000 కిలోల మధ్య వాళ్ళకి 180 రోజుల నిల్వ, దాని పైన వాళ్ళకి మనలాగే 90 రోజులు. మన దగ్గర అలాంటి కింది మెట్టు ఒకటి సరిగ్గా లేదన్న మాట ఒప్పుకుంటా, పది సంచుల షెడ్డుకీ పది లారీల ఫ్యాక్టరీకీ ఒకే ఫారం పెట్టటం నాకూ నచ్చదు, ఈ మాట మీటింగుల్లో అని చీవాట్లు కూడా తిన్నా. కానీ మీ బావ చెప్పనిది ఏంటంటే ఆ వంద కిలోల లోపు వాళ్ళు కూడా దాన్ని పెరట్లో పారబోసే వీల్లేదు, పర్మిషన్ ఉన్న చోటికే పంపాలి, పైగా ఏ నెల ఎంత వచ్చిందో వాళ్ళే లెక్కేసుకోవాలి, లెక్కే లేకపోతే వంద లోపని చూపించేదెలా? ఈసారి ఫోన్ చేసినప్పుడు థిన్నర్ డబ్బాలు ఎవరు పట్టుకెళ్తారో, వాళ్ళిచ్చిన రసీదు ఏ ఫైల్లో ఉందో అడిగి చూడండి.